వేలికొసల విద్య

అంగడిలో మన పెద్దవాళ్లు రంగును తర్వాత చూసేవారు. ముందు బట్ట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేవారు. ధర సంగతి ఆ తర్వాతే.

తమిళనాడులోని రాజపాళయం అలాంటి వేళ్ల మీద బతికిన ఊరు. తరాల కిందట తెలుగుసీమ నుంచి వచ్చిన రాజు కులస్థులు ఇక్కడ స్థిరపడ్డారు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా నూలు మిల్లు పెట్టారు. దగ్గర్లోని సత్రపట్టి మగ్గాలు ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేస్తాయి. దూరాన ఉన్న కొనుగోలుదారుకు ఆ గుడ్డను ఫోన్‌లో చూపించవచ్చు. తాకించడం ఎలా? ఇప్పటికీ నమూనా ముక్క పంపాల్సిందే.

లేని వస్తువును తాకిన అనుభూతి కలిగించే విద్యను హ్యాప్టిక్స్ అంటారు. కంటిని నమ్మించడం తేలిక, సెకనుకు పాతిక ముప్పై బొమ్మలు చాలు. వేలు అంత సులువుగా లొంగదు. యంత్రం సెకనుకు దాదాపు వెయ్యిసార్లు బలాన్ని సరిచేస్తూ ఉండాలి. లేకపోతే రాయి కూడా వణుకుతున్నట్టు తోస్తుంది. 1990ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో థామస్ మాసీ, కెనెత్ సాలిస్‌బరీ ‘ఫాంటమ్’ అనే పరికరం చేశారు. దాని తొడుగులో వేలు దూర్చి, తెరమీది వస్తువును నొక్కితే మోటార్లు ఎదురు నెడతాయి. 2002 అక్టోబరు 29న బోస్టన్ వైపు ఒకరు, లండన్‌లో ఒకరు ఇంటర్నెట్ మీదుగా ఒకే ఊహా ఘనాన్ని కలిసి ఎత్తారు. ఎం.ఐ.టి. వైపు ఆ పని నడిపింది మండయం శ్రీనివాసన్.

ఘనం గట్టిది, వేలిని మోసంచేసి దాన్ని చూపడం సాధ్యమే. గుడ్డ సంగతి వేరు. అది సాగుతుంది, ముడుచుకుంటుంది, జారుతుంది, నూగు తగులుతుంది, ఇవన్నీ ఒక్క క్షణంలోనే. 2004లో యూరప్ విశ్వవిద్యాలయాలు కొన్ని కలిసి ‘హ్యాప్‌టెక్స్’ పేరుతో దీనికే పూనుకున్నాయి. లాగే బలానికి మోటార్లు, నేత గరుకుకు వేలికొస కింద కదిలే చిన్న పిన్నులు పెట్టారు. దారి దొరికింది కానీ, అసలు బట్టకు అది ఇంకా చాలా దూరం.

నా మనసు పట్టుకున్నది మాత్రం జపాన్ పని. 1970లలో సుయెవో కవబాతా యంత్రాల కంటే ముందు అనుభవజ్ఞుల వేళ్లను నమ్మారు. వాళ్లు వాడే మాటలు తీసుకున్నారు: కోషి అంటే బిరుసు, నుమెరి అంటే నునుపు, ఫుకురామి అంటే నిండుదనం. తర్వాతే ఆ మాటలను కొలతలకు కట్టారు. తాకుడును లెక్కగా మార్చాలంటే మొదట దానికి పేరుండాలి మరి.

మన దగ్గర ఆ పేర్లు ఎవరు రాసుకున్నారు? రాజపాళయంలోని రాజుల ఇళ్లలో తెలుగు నోట పలుకుతుంది, బడిలో మాత్రం తమిళమే. చాలామందికి మాట వచ్చు, రాత రాదు. దూది పింజను రెండు వేళ్లతో లాగి పొడవు చెప్పే పనితనానిదీ అదే పరిస్థితి, అది వేళ్లలోనే ఉండిపోయింది. చెన్నై ఐఐటీలో స్పర్శ పరిశోధనకే ఒక టచ్ ల్యాబ్ ఉంది. మిల్లులూ మగ్గాలూ ఇక్కడున్నాయి. ఈ రెండూ కలిస్తే మన నూలుకూ కొలతల పట్టిక తయారవుతుంది.

అంతదాకా ఒక్క పని చేయండి. మీ ఇంట్లో మిల్లులోనో మగ్గం మీదో పనిచేసిన పెద్దవాళ్లుంటే, ఒక గుడ్డముక్క చేతికివ్వండి. నలిపి చూసి వాళ్లు ఏ మాట అంటారో, అదే మాట రాసిపెట్టండి.