ఫ్లాష్ ఆపితే పాట కనిపించింది!

తిరునాళ్లలో పాట కచేరి జరుగుతుంటే మీరెప్పుడైనా ఫోటో తీశారా? తీసే ఉంటారు! ఇంటికొచ్చి చూసుకుంటే ఏముంటుంది? ముందు వరుసలో కూర్చున్నవాళ్ల తలకాయలు తెల్లగా, వెనక స్టేజీ నల్లగా, గాయకుడి మొహం ఉండాల్సిన చోట ఒక మసక ముద్ద! "ఛ, కెమెరా మంచిది కాదు" అనుకుని ఊరుకుంటాం. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. తప్పు కెమెరాది కాదని నాకు చెప్పింది ఫోటోగ్రాఫరు కాదు. ఒక ముసలి హార్మోనిస్టు!

మాది కలికిరి. మా చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో భారతం జరిపించడం మీలో చాలామందికి తెలిసిందే. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం. 1983లో మా పక్క ఊళ్లో అలాంటి భారతానికి నేను మదనపల్లెలో ఒక స్టూడియో ఆయన్ని బతిమాలి పెంటాక్స్ కే 1000 కెమెరా తీసుకుని వెళ్లాను. పైన పెద్ద ఫ్లాష్. లోపల 36 ఫోటోల నలుపు తెలుపు ఫిల్ము. ఇంకేం కావాలి? పందిట్లో మొనగాణ్ణి నేనే!

అర్జునుడు దరువు ఎత్తుకున్నాడు. హార్మోనియం గుక్క తిప్పుకోకుండా వెంట పడుతోంది. నేను సరిగ్గా హార్మోనిస్టు ఎదుటికి వెళ్లి ఫ్లాష్ కొట్టాను. అంతే! హార్మోనియం ఒక్క క్షణం తడబడింది. అర్జునుడు శ్రుతి తప్పాడు. జనం నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

విరామంలో ఆయన నన్ను పిలిచాడు. తిడతాడేమో అనుకున్నా.

"నాయినా, నీ మెరుపుకు కండ్లు బైర్లు కమ్మినాయి. మెట్లు కనపళ్లేదు. నీకు నా మొకం కావల్నా, పాట కావల్నా?"

"పాటకు ఫోటో ఎట్లా వస్తుంది అయ్యోరా?" అన్నాను, తల దించుకునే.

"అది నువ్వు కనుక్కోవాల. నాకేం తెలుసు?" అని నవ్వి, తాంబూలం నోట్లో వేసుకున్నాడు.

సినిమా షూటింగులో వెలుతురు చాలకపోతే "లైట్స్!" అని కేకేస్తే చాలు. సరిగ్గా రాకపోతే రెండో టేకు. కచేరిలో ఈ రెండూ లేవు. ఉన్న వెలుతురే వెలుతురు, పాడిన పాటే పాట. ఆ రాత్రి ఫ్లాష్ ఊడదీసి సంచీలో వేసి, లెక్కలు మొదలుపెట్టాను.

పందిట్లో రెండే ట్యూబులైట్లు. కాంతికి ఒక గుణం ఉంది. దీపానికి మూడడుగుల దూరంలో ఉన్న వెలుగు ఆరడుగుల దూరంలో సగం కాదు, నాలుగో వంతు అయిపోతుంది! వెనక వరుసల్లోంచి కొట్టిన ఫ్లాష్ స్టేజీని చేరేలోపే చిక్కిపోయేది ఇందుకే. కాబట్టి దీపానికి దగ్గరగా ఎవరి మొహం వస్తుందో కనిపెట్టి, అక్కడ కాచుకోవాలి. మా హార్మోనిస్టు రాగం తీసేటప్పుడు ట్యూబులైటు వైపు తల ఎత్తేవాడు. అదే నా జాగా!

లెన్సును పూర్తిగా, అంటే రెండో నంబరు దాకా తెరిచాను. 400 ఫిల్ముకు ఆ వెలుతురులో షట్టరు సెకనులో పదిహేనో వంతు సేపు తెరిచి ఉంచాలి. 50 మిల్లీమీటర్ల లెన్సు చేతిలో పట్టుకుంటే యాభయ్యో వంతుకన్నా నిదానమైతే చెయ్యి వణుకు ఫోటోలో పడుతుందని శాస్త్రం. ఏం చెయ్యను? పందిరి గుంజకు వీపు ఆనించాను. మోచేతులు పక్కలకు అదుముకున్నాను. ఊపిరి సగం వదిలి, మీట మెల్లగా నొక్కాను. (అదే ఫిల్మును 1600గా లెక్కవేసి వాడి, తర్వాత ఎక్కువసేపు కడిగితే అరవయ్యో వంతుతో సరిపోతుందని, కాస్త గరుకు మాత్రం వస్తుందని తర్వాత తెలిసింది.)

అన్నిటికన్నా పెద్ద కిటుకు పాటలోనే ఉంది. పాడేవాళ్లు ఎప్పుడూ కదులుతున్నట్టే ఉంటారు గానీ, నిజానికి కాదు. చరణం చివర స్వరం మీద నిలబడినప్పుడు, కొత్త పాదానికి ఊపిరి పీల్చుకునే ముందు, ఒక్క క్షణం శిలలా ఆగుతారు. పాట తెలిసినవాడికే ఆ క్షణం ముందుగా తెలుస్తుంది. అంటే, మంచి ఫోటో కావాలంటే ముందు బాగా వినాలన్నమాట!

ఇది మన ఊరి ముచ్చట మాత్రమే కాదు. 1967 జూన్ 18న అమెరికాలో, మాంటెరే సంగీతోత్సవంలో జిమీ హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పంటించాడు. స్టేజీ అంచున కుర్చీ ఎక్కి ఆ ఫోటో తీసిన ఎడ్ కరాఫ్ వయసు అప్పటికి 17 ఏళ్లే! ఈనాడు పెద్ద కచేరీల్లో చాలాచోట్ల ఫోటోగ్రాఫర్లకు ఒక షరతు ఉంటుంది: మొదటి మూడు పాటలకే అనుమతి, ఫ్లాష్ వాడరాదు. మా హార్మోనిస్టు పెట్టిన షరతే మరి!

ఇప్పుడు మీ చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. మాకు లేని సౌఖ్యాలన్నీ మీకున్నాయి. అయినా మూడు మాటలు గుర్తుంచుకోండి. ఫోనులోని రాత్రి మోడు చాలా ఫోటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. గుడి గోపురానికి అది బాగుంటుంది గానీ, ఎగిరే గాయకుడు దయ్యంలా సాగిపోతాడు. ఎర్ర లైటు, నీలం లైటు పడిన మొహంలో గీతలన్నీ మాసిపోతాయి. తెల్లని వెలుగు తిరిగేదాకా ఆగండి. మన కరెంటుకు కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. ఫోటోలో అడ్డచారలు పడుతుంటే షట్టరును వందో వంతుకో, యాభయ్యో వంతుకో మార్చి చూడండి.

ఇంతకూ ఆ రాత్రి ఫోటోల సంగతి? 36లో 35 చెడిపోయాయి. ఒక్కటి నిలిచింది. మొహం స్పష్టంగా ఉంది: కళ్లు మూసుకుని, ట్యూబులైటు వైపు తల ఎత్తి. కుడిచెయ్యి మాత్రం కదిలిపోయి పొగలా ఉంది. సిగ్గుపడి ఆయనకు చూపించనే లేదు. పెట్టె అడుగున పడేశాను.

మూడేళ్ల తర్వాత ఆయన కొడుకు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మా నాయన పోయినాడన్నా. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. నువ్వు ఆ పొద్దు తీసినావంట గదా" అన్నాడు. పెట్టె అంతా గాలించి తీసిచ్చాను. "చెయ్యి సరిగ్గా రాలేదు తమ్ముడూ" అని నసిగాను.

పదిరోజుల నాడు వాళ్లింటికి పోతే గోడ మీద అదే ఫోటో, పూలదండతో. నేను మళ్లీ చెయ్యి గురించి ఏదో అనబోయాను. ఆయన భార్య అడ్డుకుంది.

"వుండనీ నాయినా. ఆయప్ప చెయ్యి ఎప్పుడు వూరికే వుండింది గనక?"

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నా పెట్టెలోనే మూడేళ్లు పడి ఉందని అప్పుడు తెలిసింది. బతికుండగా ఆయనకు చూపించలేకపోయాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను తీసిన ఏ కచేరి ఫోటోనూ, తీసినవాళ్లకు చూపకుండా పెట్టెలో వెయ్యలేదు. మీరూ వెయ్యకండి!