ఎరువు పెడితే అలిగే మొక్క

మా ముదినేపల్లిలో ఏ కొమ్మ గుచ్చినా చిగురేస్తుందని నాకు కాస్త గర్వం. నల్లమట్టి, పైన గుప్పెడు పశువుల ఎరువు, ఇంకేం కావాలి? ఆ గర్వం అరచేతిలో పట్టేంత మొక్క ముందు దిగిపోయింది.

కిందటేడు మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ చిన్న కుండీ తెచ్చింది. మొక్క పేరు పింగ్విక్యులా. బటర్‌వర్ట్ అని కూడా అంటారు. ఆకులు గులాబీ రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టుంటాయి. వేలు పెడితే వెన్న రాసినట్టు జిగట. ఆ జిగటే ఉచ్చు! చిన్న దోమ వాలిందంటే అతుక్కుపోతుంది, ఆకు దాన్ని అక్కడే అరిగించుకుంటుంది. 1875లో డార్విన్ పురుగుల్ని తినే మొక్కల మీద రాసిన పుస్తకంలో దీనికీ ఒక అధ్యాయం ఉంది. పూర్వం స్వీడన్ ఉత్తరాన ఈ ఆకులతో పాలు తోడేసేవారట కూడా.

"మాంసం తినే మొక్కని దేవుడి గది పక్కన పెట్టావేంటమ్మాయ్?" అన్నారు అత్తయ్య. వంటింటి తూర్పు కిటికీలోకి మార్చాను.

అంతటితో ఊరుకున్నానా? మొక్క బక్కగా ఉందని పెద్ద కుండీలో చెరువుమట్టి, వర్మీ కంపోస్టు, కాస్త వేపపిండి కలిపి నాటాను. రోజూ బోరునీళ్లు పోశాను. పది రోజుల్లో నడిమధ్య నుంచి నల్లబడి కుళ్లింది. అమ్మాయి ఫోన్ చేసి "మొక్కెలా ఉందమ్మా?" అంటే "బాగుంది" అని రెండుసార్లు అబద్ధమాడాను. మూడోసారి నోరు రాలేదు.

"అమ్మా, సారం లేని చోట పుట్టింది కాబట్టే అది పురుగుల్ని పట్టడం నేర్చుకుంది. నువ్వు విందుభోజనం పెట్టావు" అంది. కోప్పడలేదు. అదే నాకు ఇంకా బాధ. "మొదలు తెల్లగా ఉన్న ఆకు ఒక్కటైనా మిగిలిందేమో చూడు" అంది. రెండు మిగిలాయి.

మా మట్టి వరికి బంగారం. దీనికి మాత్రం గండం. మెత్తటి బంకమన్ను తడిస్తే బిగుసుకుపోతుంది, గాలాడదు. ఈ మొక్క వేళ్లేమో పొట్టివి, పల్చనివి. పైగా మా బోరునీళ్లు ఉప్పన.

అందుకని ఈసారి రెండు పాళ్లు పెర్లైట్, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు కొబ్బరిపొట్టు తీసుకున్నాను. పెర్లైట్ అంటే ఒకరకం అగ్నిపర్వతపు రాయిని వేడిచేసి పేలాల్లా పొంగించిన తెల్ల గుళికలు. కడియం వెళ్లినప్పుడు నర్సరీలో అడిగి తెచ్చుకున్నాను. దుమ్ము ముక్కులోకి పోతుంది, తడిపి కలపండి. ఇసుక ఏటిదే కావాలి, సముద్రపుది వద్దు. జల్లెడ పట్టి మెత్తటిది పారేసి, బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడగాలి. చెంచాడు ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుసబుసమంటే సున్నం ఉన్నట్టే. మెక్సికో రకాలు కొన్ని సున్నపురాళ్ల మీదే పెరుగుతాయి గానీ, మీ దగ్గరున్నది ఏ రకమో తెలియనప్పుడు అది లేకపోవడమే మేలు. ఇక కొబ్బరిపొట్టులో ఉప్పుంటుంది. మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, చివర్లో వాననీళ్లతో కడిగి పిండాను.

ఎరువు చిటికెడు కూడా వద్దు. నీళ్లు వాననీళ్లే. డాబా మీద బిందెలు పెట్టి పట్టుకున్నాను. అవి అయిపోతే డిస్టిల్డ్ వాటర్. కుండీ కింద పళ్లెంలో వేలి మందం చాలు. చలికాలంలో ఆకులు చిన్నవై, దళసరిగా మారితే పళ్లెం తీసేసి తడి బాగా తగ్గించాలి. మన ఎండాకాలం దీనికి కష్టమే. వెలుతురుండాలి, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు.

ఆ రెండు ఆకుల్నీ ఈ మిశ్రమం మీద పడుకోబెట్టాను. ఒకటి కుళ్లింది. రెండోదాని మొదట్లో నలభై రోజులకి ఆవగింజంత పచ్చదనం! ఇప్పుడు మూడు పిల్లలు, ఒక్కోటి రూపాయి బిళ్లంత ఉన్నాయి. చేపల చెరువుల ఊరు కదా, దోమలకి లోటు లేదు.

సంక్రాంతికి అమ్మాయి వస్తే ఒకటి ఇచ్చి పంపాలి. కుండీ మార్చొద్దని నేనే చెబుతాను.