స్కానింగ్ రాశారా? ఏ స్కానింగో అడగండి!

"24 గంటల నొప్పి" అనే మాట మన ఊళ్ళల్లో అందరూ వినే ఉంటారు. ఆ నొప్పి పిల్లలకు కూడా వస్తుంది. డాక్టర్లు దాన్ని అపెండిసైటిస్ అంటారు.

మన పెద్దపేగు మొదట్లో సన్నని తోకలాంటి గొట్టం ఒకటి ఉంటుంది. దాని పేరు అపెండిక్స్. దాని దారి మూసుకుపోతే అది వాస్తుంది. చీము పడుతుంది. ఆలస్యం చేస్తే పగిలిపోతుంది. చీము కడుపులో పాకి ప్రాణం మీదికి వస్తుంది.

గుర్తుపట్టడం ఎలా?

నొప్పి ముందు బొడ్డు చుట్టూ వస్తుంది. కొన్ని గంటలకు కుడివైపు పొత్తికడుపులోకి దిగుతుంది. బిడ్డ అన్నం వద్దంటుంది. వాంతులు, జ్వరం రావచ్చు. నడిచినా, దగ్గినా నొప్పి ఎక్కువవుతుంది. బాగా చిన్నపిల్లలు నొప్పి ఎక్కడో చెప్పలేరు.

అప్పుడు ఆముదం పట్టకూడదు. పొట్ట మర్దన చేయకూడదు. వాతలు పెట్టించకూడదు. పేరు 24 గంటల నొప్పి కదా అని 24 గంటలు ఆగకూడదు! వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

స్కానింగ్ ఒకటి కాదు

డాక్టరు పొట్ట నొక్కి చూస్తారు. రక్తం పరీక్ష చేయిస్తారు. అనుమానం తీరకపోతే స్కానింగ్ రాస్తారు.

ఒకటి అల్ట్రాసౌండ్. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు చేసేది ఇదే. పొట్టకు జిగురులాంటి మందు రాసి, చిన్న పరికరంతో చూస్తారు. ఇది మన చెవికి వినపడని శబ్దంతో పనిచేస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు.

రెండోది సీటీ స్కాన్. బల్లమీద పడుకోబెట్టి, గుండ్రని మిషన్‌లోకి పంపుతారు. బొమ్మ స్పష్టంగా వస్తుంది. కాని ఇది ఎక్స్‌రే కిరణాలతో తీసేది. ఛాతీ ఎక్స్‌రే కంటే ఇందులో కిరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎదిగే ఒంటికి ఆ కిరణాలు మంచివి కావు. బ్రిటన్‌లో చిన్న వయసులో సీటీ తీయించుకున్న 1 లక్షా 78 వేల మంది వివరాలు పరిశీలించారు. ఆ ఫలితం 2012లో వచ్చింది. సీటీ వల్ల తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పు కొంచెం పెరుగుతుందని తేలింది. అలా జబ్బు వచ్చేది చాలా కొద్దిమందికే. అయినా అవసరం లేని కిరణాలు బిడ్డకు ఎందుకు?

అందుకే పిల్లలకు ముందు అల్ట్రాసౌండ్ చేయడం మంచిది.

అందులో కనపడకపోతే?

పేగుల్లో గాలి అడ్డు వస్తే అపెండిక్స్ కనపడదు. కనపడలేదంటే జబ్బు లేదని కాదు. అప్పుడు బిడ్డను ఆసుపత్రిలోనే ఉంచి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ చూస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో ఎమ్మారై ఉంటుంది. అందులోనూ ఎక్స్‌రే కిరణాలు లేవు. ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇంకా తేలకపోతే సీటీ కావాలి. అప్పుడు భయపడి వద్దనకూడదు. అపెండిక్స్ పగలడం సీటీ కంటే పెద్ద ప్రమాదం.

డాక్టరును అడగండి

1. ఈ చీటీలో రాసింది ఏ స్కానింగ్?
2. ముందు అల్ట్రాసౌండ్ చేయవచ్చా?
3. సీటీ తప్పదంటే, పిల్లలకు తగ్గట్టు కిరణాలు తగ్గించి తీస్తారా?

అడగడం తప్పు కాదు. బిడ్డ మనది. తెలుసుకునే హక్కు తల్లికి ఉంది.