జిల్లాల పునర్విభజన – ప్రైమరీ కీ నిర్వహణ: పార్వతీపురం మన్యం ఉదాహరణ

ప్రవేశిక

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని 15 మండలాలలో పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని శ్రీకాకుళం జిల్లా నుండి, తక్కిన 11 విజయనగరం జిల్లా నుండి వచ్చాయి. పాత జిల్లాలు రెండింటికీ వేర్వేరుగా మాండలిక పదసేకరణ డేటాబేస్‌లు నిర్మించుకున్న పరిశోధకుడు, కొత్త జిల్లాకు ఒకే డేటాబేస్‌ను కూర్చదలిస్తే ఎదురయ్యే చిక్కును, దాని పరిష్కారాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

సంఖ్య స్వభావం

పట్టికలోని ఒక్కొక్క నమోదును తక్కినవాటి నుండి వేరుపరిచే విలువే ప్రైమరీ కీ. మైఎస్‌క్యూఎల్‌లో ఆటో ఇంక్రిమెంట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఐడెంటిటీ అనే ఏర్పాటు ద్వారా డేటాబేసే ఈ సంఖ్యను కేటాయిస్తుంది. గుర్తింపునకు మించి దీనికి అర్థం లేదు. రద్దయిన ట్రాన్సాక్షన్‌కు కేటాయించిన సంఖ్య సాధారణంగా తిరిగి వాడుకలోకి రాదు. వరుసలో ఖాళీలు సహజం కనుక చివరి సంఖ్యను మొత్తం పదాల లెక్కగా భావించరాదు.

సమస్య

రెండు డేటాబేస్‌లలోనూ సంఖ్యలు 1తోనే మొదలవుతాయి. శ్రీకాకుళం గ్రామాల పట్టికలో 37 భామిని అయితే, విజయనగరం పట్టికలో 37 మక్కువ కావచ్చు. యథాతథంగా కలపబోతే డేటాబేస్ తిరస్కరిస్తుంది; ఆ దోషం వెంటనే కనబడుతుంది. గ్రామాలకు కొత్త సంఖ్యలు ఇచ్చి, పదాల పట్టికలోని ఫారిన్ కీలను పాతవిగానే వదిలివేయడం అంతకంటె ప్రమాదకరం. కొత్త పట్టికలో 37 మరో ఊరికి దక్కి ఉంటే ఏ హెచ్చరికా రాదు. భామినిలో సేకరించిన పదం ఆ ఊరి పదంగా నమోదవుతుంది. దానిపై గీసిన మాండలిక సరిహద్దు కూడా తప్పుతుంది.

పరిష్కారం

ముందుగా పాత జిల్లా, పాత సంఖ్య, కొత్త సంఖ్య అనే మూడు అంశాలతో మార్పిడి పట్టికను సిద్ధం చేయాలి. పాత జిల్లా, పాత సంఖ్యల జంట అందులో ఒక్కసారే రావాలి. గ్రామాలను చేర్చిన తరువాత, పదాల పట్టికలోని ప్రతి ఫారిన్ కీని ఈ పట్టిక ఆధారంగా మార్చాలి. ఈ పని యావత్తూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరిగితే, మధ్యలో ఆటంకం కలిగినా సగం మారిన సమాచారం మిగలదు. ముగించేముందు గ్రామంవారీగా పదాల లెక్కను పాత డేటాబేస్‌లతో సరిచూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సంఖ్యలను మనమే ఇచ్చి చేర్చినప్పుడు దాని సీక్వెన్స్ ముందుకు జరగదు. దానిని గరిష్ఠ సంఖ్యకు జరపకుంటే తరువాతి నమోదులు పాత సంఖ్యలతో ఢీకొంటాయి.

ముగింపు

మార్పిడి పట్టికను పని ముగిశాక తొలగించరాదు. పాత సంఖ్యలను ఉటంకించిన సిద్ధాంత గ్రంథాల నుండి మూల నమోదుకు చేరే దారి అదొక్కటే.