శరత్తుకు ఒక కుదురు

కుండ నేలమీద నిలవదు. అందుచేత దాని అడుగున గడ్డితోనో, తాటాకుతోనో, పాత గుడ్డతోనో చుట్టిన కుదురు పెట్టడం మన ఇళ్ళలో అనాదిగా వస్తున్న ఆచారం. గ్లాసుకు ఆ అవసరం లేదు. దాని అడుగు చదునైనది. కాని ఇళ్ళలోకి బల్లలు వచ్చినవి, బల్లలకు నునుపు వచ్చినది, చల్లని గ్లాసుకు పట్టిన చెమట ఆ నునుపుమీద ఉంగరంవంటి మచ్చ మిగల్చడం మొదలైనది. ఆ మచ్చ పడకుండా గ్లాసు కింద వేసే గుండ్రని అల్లిక బిళ్ళను ఇంగ్లీషువారు కోస్టరు అంటారు. నాకు మాత్రం దానిని కుదురు అనడమే ఇష్టం.

కిందటి కార్తీకంలో ఒక ఆదివారంనాడు పిడుగురాళ్ళలో ఒక మిత్రుని ఇంటికి వెళ్ళినాను. పల్నాటి సీమలో ఆ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు జ్ఞప్తికి వచ్చేది సున్నం. ఊరి వెలుపల బట్టీలు, దారి పొడుగునా తెల్లని దుమ్ము. ఆ దుమ్ము దాటితే నల్లరేగడిలో పత్తి, మిరప. మిత్రుని కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుతున్నది. నాకు మజ్జిగ తెచ్చి, గ్లాసు బల్లమీద పెట్టబోతూ చప్పున ఆగి, లోపలినుంచి ఒక అల్లిక బిళ్ళ తెచ్చి దాని కింద వేసినది. ఎర్రదారం, నారింజరంగు దారం కలిపి అయిదు కొనలుగా అల్లిన ఆకు అది.

"మేపుల్ ఆకు మాస్టారూ! శరదృతువుకు గుర్తు. బొమ్మల పుస్తకంలో చూచి అల్లినాను," అన్నది.

గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ మెడ సాచి చూచినది. "ఆ ఆకు నేనెరగననుకున్నావుటే? ఎర్రబారిన పత్తాకు. చేలో అది కనబడితే మీ నాయనకు నిద్రపట్టదు. దాన్ని అల్లి బల్లమీద పెట్టినావూ?"

అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వినాను. కాని ఇంటికి తిరిగివచ్చేటప్పుడు ఆలోచించగా, ఆ ముసలమ్మ మాటలో మేమిద్దరమూ పట్టించుకోని సంగతి చాలా ఉన్నదనిపించినది. పత్తి ఆకు కూడా మేపుల్ ఆకువలెనే అరచేతి ఆకారంలో చీలి ఉంటుంది. కాయ బరువెక్కే దశలో మెగ్నీషియం చాలకపోయినా, పచ్చదోమ రసం పీల్చినా, రాత్రి చలి హెచ్చినా అది అంచులనుండి ఎర్రబడుతుంది. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి చల్లవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేది ఈ ఎరుపుకు జంకియే. కెనడాలో ఎర్రని ఆకు వేడుక. పగలు కురచకాగానే అక్కడి చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, పనికివచ్చే పోషకాలను కొమ్మలలోకి లాగుకొంటుంది. పచ్చదనం పోయినచోట ఎరుపు తేలుతుంది. ఆ అడవులు చూడడానికి జనం తీర్థానికి పోయినట్లు పోతారు. 1965 నుండి ఆ ఆకు వారి జెండామీద కూడా ఉన్నది. ఒకచోటి వేడుక మరొకచోట తెగులు!

ఋతువుల పట్టికలోనే మనకూ వారికీ పొత్తు కుదరదు. ఆటమ్ అన్న మాటకు బడిలో శరదృతువు అని అర్థం చెబుతాము. ఆ నోటితోనే ఆకురాలు కాలం అని కూడా అంటాము. ఈ తప్పు నేనూ చాలా ఏళ్ళు చేసినాను. మనకు ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల శిశిరంలో. ఆశ్వయుజ కార్తీకాల శరత్తు రాలే ఋతువు కాదు, తేటపడే ఋతువు. ఆరణ్యపర్వంలో నన్నయభట్టు రచన ఆగిపోయినది శరద్రాత్రుల వర్ణన దగ్గరనేనని తెలుగు ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. మన కవులకు శరత్తు తెల్లనిది. వెన్నెల, రెల్లుపువ్వు, హంస, నీరులేని మేఘం, అన్నీ తెలుపే. పిడుగురాళ్ళకైతే సున్నం తెలుపు ఉండనే ఉన్నది. దానికి తోడు ఈ మాసాలలోనే చేలో పత్తికాయ పగులుతుంది. ఇంత తెల్లని ఋతువును ఎర్రదారంతో ఎందుకు అల్లవలసివచ్చినది? నమూనా ఎర్రగా ఉన్నది గనుక. అంతకు మించి కారణం లేదు.

అల్లికను గురించి కొంచెం చెప్పవలెను. దీనికి కావలసినవి ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ. ఫ్రెంచి భాషలో క్రోషే అంటేనే చిన్న కొక్కెం. స్వెటరు అల్లికలో వరుస వరుసంతా సూదిమీదనే నిలిచి ఉంటుంది. ఇందులో సాధారణంగా ఒక్క కన్ను మాత్రమే సూదిమీద ఉంటుంది. తక్కినదంతా ముడిపడి స్థిరపడిపోతుంది. అందువల్ల పాలు పొంగినా, పిల్లవాడు ఏడ్చినా పని అక్కడనే వదలి లేచిపోవచ్చును. ఈ సదుపాయమే చివరకు ఆడవారికి ఎట్లా ఎదురుతిరిగినదో కొంచెం తరువాత చెబుతాను.

కుదురుకు మొదట చిన్న వలయంలో 6 కుట్లు వేస్తారు. రెండవ చుట్టులో 12, మూడవదానిలో 18, తరువాత 24, 30. చుట్టుకు ఆరేసి చొప్పున పెరగవలెను. ఆరే ఎందుకమ్మా అంటే, "పుస్తకంలో అట్లాగే ఉన్నది మాస్టారూ," అన్నది ఆ అమ్మాయి. లెక్కలు చెప్పేవారికి ఇంతకంటె మంచి సందు దొరకదు. పొట్టి కుట్టు ఎత్తు ఎంతో వెడల్పు దాదాపు అంతే. ఒక చుట్టు పూర్తి అయినప్పుడు వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. పరిధి దానికి 2π రెట్లు, అనగా సుమారు 6.28 రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలను నింపడానికి ఆరు కుట్లు, ఆపైన రవంత కావలెను. ఆ రవంతను నూలు సాగి సర్దుకొంటుంది. ఆరు బదులు నాలుగు వేస్తూపోతే అంచు బిగిసి బిళ్ళ దొన్నె అవుతుంది. తొమ్మిది వేస్తే అంచు పావడా కుచ్చిళ్ళవలె అలలు తేలుతుంది; గ్లాసు ఒరుగుతుంది. ఈ అలలను పొరపాటు అని తీసివేయడానికి కూడా లేదు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమిన అనే గణితవేత్త, వరుసవరుసకూ కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుతూ, అంతవరకు ఊహించుకొనడమే కష్టమైన హైపర్బోలిక్ తలాన్ని అల్లి విద్యార్థుల చేతికి ఇచ్చినది. పాఠశాలలో జ్యామితి పెట్టెలో వృత్తలేఖినితోపాటు ఒక కొక్కెపు సూది ఉంటే చెడిపోయేదేమీ లేదు.

కొంచెం లావు నూలుతో 12 చుట్లు వేస్తే గ్లాసుకు చాలిన కుదురు అవుతుంది. చివరి చుట్టులో 72 కుట్లు. మొదటినుండి కూడితే 468. ఈ 468 అన్న అంకెను జ్ఞాపకం ఉంచుకోవలెను.

మన రాష్ట్రంలో ఈ సూదికి పుట్టినిల్లు కాకున్నా మెట్టినిల్లు నరసాపురం. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన లేసు అల్లిక అక్కడి ఇళ్ళలో వేళ్ళు పాతుకొని, బల్లగుడ్డలై, దిండు గలీబులై ఓడలెక్కి విదేశాలకు పోయినది. ఐర్లండులో 1845 తరువాత వచ్చిన బంగాళాదుంపల కరువులో కూడా ఈ కొక్కెమే ఎన్నో కుటుంబాలకు గంజి పోసినది. కాని నరసాపురం కథను 1982లో గ్రంథంగా ప్రకటించిన జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ చూచినది వేరు. పొద్దస్తమానం అల్లే స్త్రీ పనిచేస్తున్నట్లు లెక్కలోకి రాలేదు. ఇల్లాలు తీరిక వేళలో చేసుకొనే సరదా అన్నారు; కూలి ముక్కకు ఇంత అని, ఆ ఇంత కూడా అతి స్వల్పమని ఆమె చూపినది. ఇందాక చెప్పిన సదుపాయం ఇదే. ఎప్పుడైనా వదలి లేవగల పనికి గంటలు ఎవరు లెక్కపెడతారు? 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. పేరుకు రక్షణ దొరికినది; గంటకు దొరికినదా అన్నది వేరే ప్రశ్న.

ఇక అల్లదలచినవారికి రెండు ముక్కలు. కుదురుకు నూలే తగినది. కృత్రిమపు ఊలు తడిని పీల్చదు, గ్లాసు చెమట అట్లాగే కిందికి జారుతుంది. ముదురురంగు దారాన్ని ముందుగా తడిపి, తెల్లగుడ్డమీద ఒత్తి చూడవలెను. అల్లిన తరువాత పలుచని గంజిలో ముంచి, గుండ్రంగా సర్ది, గుండుసూదులు గుచ్చి ఆరనిస్తే అంచు లేవదు.

మరునెల నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి కొత్త కుదురు మొదలుపెట్టి ఉన్నది. నల్లరేగడి రంగు నేల, నడుమ గోధుమరంగు తొడిమ, దానిచుట్టూ ఉబ్బెత్తుగా అయిదు తెల్లని రెబ్బలు, పగిలిన పత్తికాయ. నాయనమ్మ దానిని చేతిలోకి తీసుకొని బరువు చూచినది. ఆమె ఎన్నో ఏళ్ళు పత్తితీతకు పోయిన మనిషి. కిలోకు ఇంత అన్న కూలి తప్ప వేరే కొలత ఎరగదు.

"ఇది కిలో ఎంతకు పోతుందే?"

"కిలోకు కాదు నాయనమ్మా, ఒక్కొక్కటి అమ్ముతారు."

"తులం దూది లేదు గదా ఇందులో. మరి ఎంతసేపు పట్టింది?"

అమ్మాయి చెప్పలేకపోయినది. మధ్యలో రెండుసార్లు నీళ్ళకు లేచినదట, ఒకసారి తమ్ముని చదివించినదట. నేను 468 కుట్ల సంగతి చెప్పినాను. నాయనమ్మ వేళ్ళు మడిచి ఏదో లెక్కవేయబోయి మానుకొన్నది. అమ్మాయి లోపలికి పోయి పెన్సిలు తెచ్చి, నమూనా కాగితం అంచున 'మొదలు 4 గంటల 10 నిమిషాలు' అని రాసి, రెండవ కుదురుకు గొలుసు వేయడం ప్రారంభించినది.

నాయనమ్మ నా మజ్జిగ గ్లాసు ఎత్తి, కింద ఉన్న ఎర్ర ఆకును బోర్లించి, గ్లాసును మళ్ళీ దానిమీద పెట్టినది.