గోడ కూలితే తప్పు మేస్త్రీదేనా?

సైటులో ప్రాణం పోయిన మర్నాడు వేళ్లన్నీ కిందివాడి వైపే చూపిస్తాయి. ఆ చావుకు దారితీసిన నిర్ణయాలు మాత్రం చాలాసార్లు ఒప్పందం రాసుకున్న గదిలోనే జరిగిపోయి ఉంటాయి.

2024 మే 7న హైదరాబాద్‌లో భారీ వాన కురిసింది. బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంటు రిటైనింగ్ గోడ కూలి, పక్కనే ఉన్న కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. అందులో నాలుగేళ్ల పసివాడూ ఉన్నాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాలవి. హెల్మెట్ పెట్టుకోలేదనో, బెల్టు కట్టుకోలేదనో వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ గోడ ఎలా కట్టాలో, షెడ్లు ఎక్కడ వేయాలో తేల్చింది కూలీలు కాదు.

నిర్మాణ భద్రతలో అసలు ప్రశ్న ఇదే. హెల్మెట్, పసుపు జాకెట్ ఆఖరి కాపలాలు. అంతకుముందు కాయాల్సినవాళ్లు నలుగురైదుగురు ఉంటారు.

చేతులు మారే బాధ్యత

స్థలం యజమాని బిల్డరుకు ఇస్తాడు. బిల్డరు కాంట్రాక్టరుకు, అతను సబ్ కాంట్రాక్టరుకు, ఆయన మేస్త్రీకి అప్పజెబుతాడు. మేస్త్రీ పొద్దున్నే అడ్డా మీదికి వెళ్లి మనుషుల్ని తెచ్చుకుంటాడు. చేయి మారిన ప్రతిసారీ చదరపు అడుగు రేటు కొంత తరుగుతుంది. మేస్త్రీ దాకా వచ్చిన రేటులో వలకీ, గట్టి పరంజాకీ, లిఫ్ట్ గుంతకు అడ్డు కట్టడానికీ పైసా మిగలదు. ఇక అతను దేవుడి మీద భారం వేసి పని మొదలుపెడతాడు.

చట్టం ఈ వరసను ఒప్పుకోదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం ప్రమాదాల నివారణ బాధ్యతను యజమాని మీదే పెట్టింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌దీ అదే దారి. కాంట్రాక్టు కూలీలకు తాగునీరు, మరుగుదొడ్డి లాంటి వసతులు అసలు యజమానే కల్పించాలి. 250 మంది, అంతకుమించి కార్మికులున్న నిర్మాణంలో భద్రతాధికారిని పెట్టాలి. యజమాని విధి తప్పినందువల్ల ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది.

మట్టి, స్లాబు, ఎత్తు

సైటులో ప్రాణాలు తీసేవి కొత్తగా కనిపెట్టాల్సినవేం కాదు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. ఛాతీ దాకా పూడుకుపోయిన మనిషికే ఊపిరాడదు. అందుకే మీటరున్నర కన్నా లోతు కందకం తవ్వితే పక్కలకు దన్ను కట్టాలని, తవ్విన మట్టిని అంచున పోయరాదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ పలుమార్లు ఆదేశించింది కూడా మట్టి నాని జారుతుందనే.

స్లాబుదీ అంతే. మామూలు సిమెంటుతో వేసిన స్లాబు కింద దన్నులు, పరపు నాలుగున్నర మీటర్ల లోపైతే 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్లు దాటిన దూలానికి 21 రోజులు. సెంట్రింగ్ సామాను అద్దె రోజుకింతని పెరుగుతుంటుంది గనుక ఒకటి రెండు రోజుల ముందే విప్పేయమనే ఒత్తిడి వస్తుంది. ఆ తొందర మేస్త్రీది కాదు, డబ్బు కట్టేవాడిది.

ఇక ఎత్తు. బెల్టు కట్టుకుంటే చాలదు, దాని కొక్కెం తగిలించడానికి బలమైన ఆధారం ఉండాలి. సరుగుడు బాదుల పరంజాకు తగిలించిన బెల్టు, బాదు విరిగితే మనిషితోపాటే కిందికొస్తుంది. ఆ ఆధారం ఎక్కడుండాలో డిజైన్ దశలోనే ఇంజినీరు గుర్తు పెట్టాలి.

నెమ్మదిగా తగిలే దెబ్బలు

గ్రానైటు, టైల్సు పొడిగా కోసినప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. దానికి నయం చేసే మందు లేదు. నీళ్లు పోస్తూ కోస్తే ధూళి చాలావరకు అణుగుతుంది. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, రబ్బరు తొడుగులు కొనివ్వడం పెద్ద ఖర్చు కాదు.

ఎండ సంగతి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లను అడగండి. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధం. అక్కడ పనికి పోయిన మనవాడికి ఉన్న ఆ నీడ, రోహిణి కార్తెలో ఇక్కడ స్లాబు మీద నిలబడినవాడికి దక్కడం లేదు.

మేస్త్రీ, కూలీల వంతు

పనివాళ్లకూ బాధ్యత ఉంది. ఇచ్చిన పరికరం వాడాలి, అడ్డుకట్టలు తీసేయకూడదు, ముప్పు కనిపిస్తే చెప్పాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమాని దృష్టికీ, తనిఖీ అధికారి దృష్టికీ తీసుకెళ్లే హక్కు కొత్త కోడ్‌లో ఉంది. అయితే నోరు విప్పితే రేపటి కూలి పోతుందని భయపడే అడ్డా కూలీకి ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. పని ఆపమన్నవాడి కూలి కోయనని యజమాని ముందే మాటివ్వాలి. పొద్దున్నే పది నిమిషాలు ఆనాటి ముప్పుల గురించి చెప్పాలి, అదీ ఒడియా కూలీకి ఒడియాలో, హిందీవాడికి హిందీలో.

సొంతానికి 50 లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇల్లు, పదిమంది కన్నా తక్కువ కూలీలున్న పని కొత్త కోడ్‌లోని నిర్మాణ నిబంధనల కిందికి రావు. అడ్డా కూలీలకు ఎక్కువగా దొరికే పని అదే. అక్కడ యజమాని మీరే, తనిఖీ అధికారి కూడా మీరే. ఇల్లు కట్టిస్తున్నా, ఫ్లాటు కొంటున్నా మార్బుల్ రంగు అడిగే ముందు మూడు సంగతులు అడగండి: కూలీలు ఎక్కడ పడుకుంటున్నారు? పరంజా దేనితో కట్టారు? దన్నులు ఎప్పుడు విప్పుతారు? జవాబు తడబడితే పని ఆపించండి, లేదా అడ్వాన్సు ఆపేయండి.