పాత చీర పారేయకండి.. బొంత కుట్టండి!

మా అమ్మ మొదటిసారి డబ్లిన్ వచ్చినప్పుడు ఆవకాయ, గోంగూర సీసాలు పగలకుండా తన పాత నేత చీరల్లో చుట్టి తెచ్చింది. సీసాలు వంటింటి అలమరలోకి వెళ్లాయి. నాలుగు చీరలూ ఉతికి, పాత బట్టల డబ్బాలో వేసొద్దామని నేను సంచిలో సర్దాను. అమ్మ ఆ సంచి వెనక్కి లాక్కుంది. "ఏరా, ఇంత మెత్తటి చీరలు పారేస్తావా? ఓ సూదీ, దారం తెచ్చిపెట్టు" అంది.

అది నవంబరు చివర. ఇక్కడి చలికాలం సంగతి మనకు తెలిసిందే. సాయంత్రం నాలుగు దాటితే చీకటి. పగలంతా పిల్లలు బడిలో, మేమిద్దరం లాప్‌టాప్‌ల ముందు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేది. పదేళ్ల మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటానికి సిగ్గు. "హాయ్ నాన్నమ్మా", "తిన్నావా తల్లీ".. రోజుకు ఇవే మాటలు. విజిట్ వీసా మీద వచ్చినవాళ్లు ఐర్లాండ్‌లో గరిష్ఠంగా ఉండగలిగేది 90 రోజులు. అందులో మూడు వారాలు అప్పటికే ఇలా గడిచిపోయాయి.

బొంత కుట్టేదెలా?

అమ్మ చేసిన పద్ధతే చెబుతాను. మెత్తబడిన నూలు చీరలైతే మేలు. పట్టు, పాలిస్టర్ పొరలు జారిపోతాయి. చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు. మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 1.8 మీటర్లు వస్తుంది. రెండు చీరలకు ఆరు పొరలు. సోఫాలో కూర్చుని కప్పుకోవడానికైనా, పిల్లల మంచం మీదకైనా సరిపోతుంది.

రంగు బాగున్న ముక్కలు పైకీ కిందికీ, వెలిసిపోయినవి లోపలికి. నేల మీద ఒకదానిపై ఒకటి పరిచి, మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో ముడతలు తీయాలి. జానెడు దూరానికో పిన్నీసు పెట్టాలి. మధ్యలోంచి మొదలుపెట్టి, రెండు వేళ్ల ఎడంతో వరసలుగా మామూలు కుట్టు వేసుకుంటూ పోవడమే. సూది పొరలన్నిట్లోంచీ దిగాలి. దారం మరీ బిగించి లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. చివర్న అంచులు లోపలికి మడిచి కుట్టేస్తే బొంత సిద్ధం. మిషన్ అక్కర్లేదు. సూది, దారం, పిన్నీసులు తప్ప ఖర్చూ లేదు.

అమ్మకు ఒక్కటే ఇబ్బంది. సూదిలోకి దారం ఎక్కదు, చూపు ఆనదు. ఆ పని మా అమ్మాయికి అప్పజెప్పింది. బడి నుంచి రాగానే పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టేది. వారం తిరిగేసరికి పక్కన కూర్చుని తనూ ఒక వరస కుట్టడం మొదలుపెట్టింది. సూది, ముడి, అంచు, కొంగు.. మాటలూ వాటంతట అవే వచ్చాయి. ఒకరోజు "ఈ మరకేంటి నాన్నమ్మా?" అని అడగడం విన్నాను. "పసుపు. మీ నాన్న ఇంజినీరింగులో చేరడానికి ఊరు వదిలిన రోజు ఈ చీరే కట్టుకున్నా" అంది అమ్మ. ఆ సంగతి నాకే తెలియదు.

ఐరిష్ ఇళ్లలోనూ ఇదే కథ

పక్కింటి పెద్దావిడ ఓసారి టీకి వచ్చి బొంతను చేత్తో తడిమి చూశారు. తన చిన్నతనంలో వాళ్లమ్మ పిండి సంచుల మీది అక్షరాలు పోయేదాకా ఉతికి, వాటితో దుప్పట్లు, దిండు గలీబులు కుట్టేదని చెప్పారు. మేయో కౌంటీలో కాజిల్‌బార్ పక్కన టర్లో పార్కులో నేషనల్ మ్యూజియం వారి గ్రామీణ జీవన ప్రదర్శనశాల ఉంది. 2001లో ప్రారంభమైంది. గడ్డితో, విల్లో పుల్లలతో ఇంటివాళ్లే అల్లుకున్న బుట్టలు, కుర్చీలు చూస్తుంటే మన ఈతాకు చాపలు, తాటాకు బుట్టలు గుర్తొస్తాయి. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి.

గంటలో అయ్యే పనులు

బొంతకు ఓపిక లేకపోతే వీటితో మొదలుపెట్టండి.

తలుపు కింది చలిగాలికి: పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, ఒక చివర కుట్టి, లోపల చిరిగిన సాక్సులు, గుడ్డ పీలికలు కూరి, రెండో చివర కూడా కుట్టేయండి. రాత్రిపూట తలుపు వారన పడేస్తే గాలి ఆగుతుంది.

కూరల సంచి: చీర కొంగును రెండు మడతలు వేసి, పై వైపు తెరిచి ఉంచి, రెండు పక్కలా కుట్టండి. అంచును మూడు మడతలు చేస్తే గట్టి పట్టీలు వస్తాయి. ప్లాస్టిక్ సంచులపై ఐర్లాండ్ 2002 మార్చిలోనే పన్ను వేసింది. మొదట 15 సెంట్లు, 2007 నుంచి 22 సెంట్లు. కారులో రెండు సంచులు ఉంచుకుంటే ఆ బెడద లేదు.

కాళ్ల పట్టా: పాత టీ షర్టులను పొడుగు పట్టీలుగా కత్తిరించి, జడ అల్లినట్టు అల్లండి. ఆ జడను గుండ్రంగా చుట్టుకుంటూ వరసలు కలిపి కుట్టండి.

ఒక జాగ్రత్త.. ఇవేవీ నిప్పు, హీటర్ల దగ్గర పెట్టకండి.

ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ డే. 2023 నుంచి ఆ పండక్కి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. తుంగలాంటి గడ్డితో శిలువ అల్లి గుమ్మం మీద పెట్టడం ఇక్కడి ఆచారం. మా అమ్మాయి బడిలో అల్లినది తెచ్చి, అమ్మ కట్టిన మామిడాకుల తోరణం పక్కనే తగిలించింది. ఎలా అల్లాలో నాన్నమ్మకు తెలుగులోనే నేర్పింది.

ఆ నెలలోనే అమ్మ వెళ్లిపోయింది. బొంతకు ఒక వైపు అంచు మిగిలిపోయింది. దాన్ని మా అమ్మాయే పూర్తిచేసి వీడియో కాల్‌లో చూపించింది. కుట్టు వంకరగా ఉంది, విప్పి మళ్లీ వేయనా అని అడిగింది.

"వద్దులే తల్లీ, అలాగే ఉంచు. ఏది నువ్వు కుట్టావో తెలియాలిగా" అంది అమ్మ.